లేపాక్షి పాచికలు, హిందూపురపు చింతగింజలు

అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) పెనుకొండ సీమలో అధికారము నెరపిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షిలో కట్టించిన వీరభద్రాలయమునకు నేడు వచ్చు యాత్రికులు ఏకశిలానందికి మ్రొక్కి, వ్రేలాడు స్తంభము క్రింద వస్త్రము జొనిపి చూచి, తృప్తితో మరలిపోవుదురే కాని, పైకప్పు చిత్రములలో పార్వతీపరమేశ్వరులు పాచికలాడుచున్న ఘట్టమొకటి కలదని తలయెత్తి వెదకువారు అరుదు. ఆ యాలయముననే అసంపూర్తిగా నిలిచిన కల్యాణమండపమును, అలిగిన గౌరిని శివుడు బుజ్జగించు గౌరీప్రసాదక చిత్రమును కలవు. పెండ్లి, అలుక, ఆట అను మూడును ఒక్క ప్రాకారములో చేరుట యాదృచ్ఛికమే కావచ్చును. అయినను ఆలుమగల యాట ఆలయపు కప్పునెక్కదగిన గౌరవము గలదని ఆనాటివారు తలంచిరనుటకు ఇంతకంటె సాక్ష్య మక్కరలేదు.

ఈ భావము వారికి క్రొత్తది కాదు. ఎల్లోరా గుహలలో ఇదే క్రీడ శతాబ్దులకు ముందే శిల్పమైనది. స్కాందపురాణమున కేదారఖండము శివుడు ఆ యాటలో ఓడి సర్వమును కోల్పోయిన కథను చెప్పుచున్నది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు తన మానసోల్లాసమున పాచికలాటను, గవ్వలాటను రాజవినోదములలో చేర్చెను. మైసూరు ప్రభువు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794–1868) కొత్తకొత్త పలకల యాటలను స్వయముగా కల్పించి, వాని నియమములను గ్రంథస్థము చేయించెను.

రాజులకు దంతపు పాచికలున్నవి. మన సీమ సంసారికి చింతగింజ లున్నవి. హిందూపురపు చింతపండు సంత దక్షిణదేశమున పేరుమోసినది. మాఘ ఫాల్గుణములలో కాయ రాలి, పెంకు వలిచి, గింజ తీయుపని ఇంటింట సాగునప్పుడు, కాసు ఖర్చు లేకుండ దొరకు ఆ గింజలను రాతిపై నరగదీసియో, రెండు బద్దలుగా చీల్చియో, ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు వచ్చునట్లు చేసినచో అష్టాచెమ్మకు పాచికలు సిద్ధమైనట్లే. నేలపై బొగ్గుతో నిరువదియైదు గడులు గీచి, విరిగిన గాజుముక్కలను కాయలుగా నుంచుకొని, నాలుగు బద్దలు విసరినప్పుడు అన్నియు తెల్లగా పడిన చెమ్మ, అన్నియు నల్లగా పడిన అష్ట; రెంటికిని మరల వేయు హక్కు కలదు. ఎదుటివారి కాయ నొకటైనను చంపనిదే లోపలి గడులలో ప్రవేశింపరాదను నియమ మొకటి ఈ యాటకు ప్రాణము. సరిహద్దు దాటిన కన్నడసీమలో దీని జ్ఞాతియైన చౌకాబార కలదు.

అత్తమామలు, తోడికోడండ్రు కూడియుండు ఉమ్మడి సంసారములలో పగటివేళ భర్తతో నిలిచి నాలుగు మాటలాడుటయే తప్పుగా నెంచబడినది. అట్టి యింట శివరాత్రి జాగరణ మనునది పెద్దల యనుమతితోనే పలక ముందు కూర్చుండుటకు మార్గము చూపెను. చింతపండు కాలమును, ఆ వ్రతమును ఒకే మాసమున వచ్చుట ఈ సీమ భాగ్యమని నాకు తోచును. కోడలు భర్త కాయను చంపి, “చచ్చింది!” యని బిగ్గరగా ననవచ్చును, అత్తగారు నవ్వవచ్చును. ఆ యొక్క రాత్రి నోరు విప్పుటకు దొరకిన స్వేచ్ఛను చిన్నదిగా నెంచరాదు. పెండ్లిలో బిందె నీళ్లలో ఉంగరమునకై ఇరువురిచేతను వెదకించుట, పూబంతులాడించుట దీనికి తొలిపాఠములు.

ధర్మవరము మండలములోని నిమ్మలకుంట తోలుబొమ్మలవారు రాత్రి తెల్లవార్లు రామకథ నాడించుచు, మధ్య మధ్య బంగారక్క, జుట్టుపోలిగాళ్ల కలహము చూపుదురు. దీపపు వెలుగున ఆ జంట తగవును చూచుటయు గ్రామ దంపతుల కొక వినోదమే.

పాచికలకు మరొక ముఖము కలదు. ధర్మవరమున 1853లో జన్మించి, బళ్ళారిలో న్యాయవాదిగానుండి, ఆంధ్రనాటక పితామహుడని ఖ్యాతిగన్న ధర్మవరము రామకృష్ణమాచార్యులు చిత్రనళీయమున రంగమెక్కించిన నలుని కథ జూదమువలన చెడిన సంసారమే. నలుడాడినది పుష్కరునితో, పణముగా నొడ్డినది రాజ్యమును. చింతగింజల యాటలో గెలిచినవారికి దక్కునది మరొక యాట మాత్రమే. ఈ భేదమును గుర్తింపక, ఇంటి యాటల నన్నిటిని వ్యసనపు పద్దులో వ్రాసిన నీతిబోధకులు మన స్త్రీలకు గొప్ప అన్యాయము చేసిరి.

లేపాక్షి రంగులు ఏటేట వెలిసిపోవుచున్నవి. 2022లో ఆలయము యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది గనుక ఇకనైన వాని సంరక్షణకు తగిన శ్రద్ధ లభింపవలెను. అంతవరకు స్తంభమును చూపించు మార్గదర్శకులు, చూడవచ్చిన కొత్తదంపతులకు ఆ పాచికల ఘట్టమునుగూడ చూపింపవలెనని నా కోరిక.