వెనుక ఇరుసున నూనె కారుట: ఒక పాత చిక్కు చరిత్ర

ఎద్దుబండి ఇరుసుకు కందెన పూయుట మన పల్లెలలో అందరెరిగినదే. ఆ కందెన కొంత కారి నేలపై పడినను బండికి ముప్పు లేదు. మరల పూసిన చాలును. మోటారుకారు వెనుక ఇరుసు సంగతి అట్టిది కాదు. అచట కారిన నూనె బ్రేకు డ్రమ్ములోనికి చేరవచ్చును. బ్రేకు లైనింగు నూనెలో తడిసినచో రాపిడి తగ్గి చక్రము ఆగదు; లేదా ఒక చక్రము ఆగి, రెండవది ఆగక కారు ప్రక్కకు లాగును. కావున పాత కారు చక్రము లోపలివైపున నల్లని చార కనబడినప్పుడు దాని మూలము తెలిసికొనుట ప్రాణరక్షణకు సంబంధించిన పని. అందుకు ఆ కారు ఏ కాలపుదో, ఆ కాలమున నూనెను ఎట్లు ఆపిరో ముందుగా తెలియవలెను.

వెనుక ఇరుసు బయటికి కనబడునంత వరకు ఒక ఉక్కు గొట్టము. దాని నడుమనున్న ఉబ్బెత్తు పెట్టెలో డిఫరెన్షియల్ ఉండును. మలుపులలో వెలుపలి చక్రము ఎక్కువగను, లోపలి చక్రము తక్కువగను తిరుగునట్లు చేయునది ఇదియే. ఇందలి పండ్లచక్రములు చిక్కని నూనెలో మునిగి తిరుగును. అచటినుండి రెండు కడ్డీలు గొట్టము గుండ చక్రముల వరకు పోవును. తిరుగు కడ్డీకిని, కదలని గొట్టమునకును నడుమ సందు ఉండక తప్పదు. ఆ సందును మూయుట ఎట్లు? ఇంజనీర్లను ఎన్నో ఏండ్లు వేధించిన ప్రశ్న ఇది.

1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టి కారులో ఇరుసు చివర ఉన్ని ఫెల్టు వలయమును అమర్చిరి. ఫెల్టు నూనెను కొంతవరకు పీల్చుకొని ఆపును. పూర్తిగా తడిసిన పిమ్మట కారనిచ్చును. అయితే ఆ కారులో కాలితో త్రొక్కు బ్రేకు చక్రములపై గాక గేరుపెట్టెలో పనిచేసెడిది. వెనుక చక్రములవద్ద ఉన్నది చేతిబ్రేకు మాత్రమే. 1927 డిసెంబరులో వచ్చిన మోడల్ ఎ కారులో కాలిబ్రేకు నాలుగు చక్రములకును వ్యాపించెను. అంతవరకు మురికిగా మాత్రమే తోచిన కారుడు అప్పటినుండి అపాయమైనది.

ఈ చిక్కుకు మెరుగైన పరిష్కారము ఒక తోళ్ల పరిశ్రమనుండి వచ్చుట విశేషము. జర్మనీలోని వైన్‌హైమ్‌ నగరమున ఫ్రాయిడెన్‌బెర్గ్ సంస్థ 1849 నుండి తోళ్లు ఊనుచుండెను. 1929 నాటి ఆర్థిక మాంద్యములో అది తోలుతో సీళ్లు చేయ మొదలిడెను. 1932లో ఆ సంస్థ ఇంజనీరు వాల్టర్ సిమ్మర్ పేరిట తిరుగు కడ్డీల సీలు వెలువడెను. తోలు పెదవి కడ్డీని ఒత్తి పట్టుకొని నూనెను ఆపును. అయితే తోలు నూనెతో తడిసియున్నంత కాలమే మెత్తగ నుండును. కారు ఏండ్ల తరబడి కదలక నిలిచినచో ఎండి, బిరుసెక్కి పగులును. సహజ రబ్బరు ఖనిజ తైలములో ఉబ్బి పాడగును గనుక అది పనికిరాలేదు. నూనెకు తట్టుకొను కృత్రిమ రబ్బరు వచ్చిన పిమ్మట, 1936లో తోలు స్థానమును అది ఆక్రమించెను.

ఇక పరీక్షకు వత్తము. మొదట చార ఏ ద్రవమో చూడవలెను. మోడల్ ఎ బ్రేకులు కడ్డీలతో లాగబడునవి గనుక అచట బ్రేకు ద్రవము ప్రసక్తి లేదు. గేరు నూనె గాని, చక్రపు బేరింగు గ్రీజు గాని కావలెను. ఫోర్డు కార్లకు ద్రవపు బ్రేకులు వచ్చినది 1939 నమూనాలతో. అట్టి కార్లలో చారను నీటిలో కలిపి చూడవలెను. నేడు సాధారణముగ వాడు గ్లైకాల్ జాతి బ్రేకు ద్రవము నీటిలో కలిసిపోవును. గేరు నూనె తేలును.

గేరు నూనెయే యని తేలినను వెంటనే సీలును నిందింపరాదు. పెట్టెలో నూనె హద్దు మించి పోసినచో గొట్టముల వెంట చివరకు పారును. శ్వాసరంధ్రము గల ఇరుసులో అది మట్టితో మూసుకొనినను కారుడు పుట్టును. లోపలి గాలి 20 డిగ్రీలనుండి 80 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడెక్కినచో, వెలుపలికి దారి లేనప్పుడు, దాని పీడనము సుమారు అయిదవ వంతు పెరిగి నూనెను సీలు దాటించి తోయును. ఈ రెండును సరియే యైనప్పుడు చక్రము విప్పవలెను. బేరింగు అరిగి కడ్డీ ఊగుచున్నదా? సీలు పెదవి ఒరసిన చోట కడ్డీపై గాడి పడినదా? అట్లయినచో క్రొత్త సీలు వేసినను కారుడు త్వరలో మరల వచ్చును.

తడిసిన లైనింగును తుడిచి మరల వాడరాదు, మార్చవలెను. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక ఆ ధూళిని ఊదుట ప్రమాదము.

నూనె కనబడిన చోటు వేరు, కారణమున్న చోటు వేరు కావచ్చును. ఒక సీలు వెల కొద్దిపాటిది. కారణము వెదుకక సీలు మాత్రమే మార్చి, బాగైనదని నమ్మి, వాలు దారిలో బ్రేకు త్రొక్కిన నాడు చెల్లించు మూల్యము పెద్దది.