నత్తలు చేయలేని పని

లండన్‌లోని బ్లాక్‌ఫ్రయర్స్‌లో మందుల తయారీదారుల సంఘానికి ఒక పాత భవనం ఉంది. పేరు అపోథెకరీస్ హాల్. 1849లో అక్కడ రసాయన శాస్త్రజ్ఞుడిగా పనిచేస్తున్న రాబర్ట్ వారింగ్టన్ 50 లీటర్లకు పైగా పట్టే గాజు పాత్ర ఒకటి తెచ్చి సగం దాకా ఊటనీళ్లు పోశాడు. అడుగున ఇసుక, బురద పరిచి రాళ్లు పేర్చాడు. వాలిస్నేరియా మొక్క నాటాడు. రిబ్బన్ లాంటి పొడవాటి ఆకులతో మన చెరువుల్లోనూ పెరిగే మొక్కల జాతే అది. చివరగా రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. గది అందం కోసం చేసిన పని కాదిది. చేప విడిచే కార్బన్ డయాక్సైడ్‌ను మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలే ఆక్సిజన్ చేపకు సరిపోతుంది, ఇక నీళ్లు మార్చాల్సిన పనేముంది అన్నది ఆయన లెక్క.

కొన్నాళ్లు లెక్క బాగానే నడిచింది. తర్వాత వాలిస్నేరియా ముదురాకులు కుళ్లడం మొదలైంది. నీళ్లు కలకబారాయి, గాజుకు పచ్చగా పాచి పట్టింది. కుంటల్లో కుళ్లిన ఆకుల మీద నత్తలు పాకుతూ ఉండటం వారింగ్టన్‌కు గుర్తొచ్చింది. ఐదారు నీటినత్తలను తెచ్చి పాత్రలో వేశాడు. అవి కుళ్లునీ పాచినీ తినేశాయి, నీళ్లు మళ్లీ తేరుకున్నాయి. నత్తలు పెట్టిన గుడ్లు చేపలకు మేతయ్యాయి కూడా. మరుసటి ఏడాది, తాను దగ్గరుండి స్థాపించిన కెమికల్ సొసైటీలోనే ఆయన ఈ వివరాలన్నీ చదివి వినిపించాడు.

అంతకుముందు ఎవరూ గాజులో జలచరాలను పెంచలేదని కాదు. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ విల్‌ప్రూ పవర్ 1832లోనే సిసిలీ తీరంలో సముద్రజీవులను గాజుతొట్లలో ఉంచి పరిశీలించింది. వారింగ్టన్‌కు కొద్దిగా ముందే లండన్‌లో అన్నా థిన్ అనే దొరసాని ఇంట్లో సముద్రపు పగడపు జీవులను పెంచింది. వాటికి గాలి అందేందుకు పనిమనిషి తెరిచిన కిటికీ దగ్గర నిలబడి, పాత్రలోని నీళ్లను పైనుంచి ధారగా పోసి మళ్లీ పట్టేది. ఎయిర్ పంప్ చేసే పనిని చేత్తో చేసిన ఆ మనిషి పేరు మాత్రం చరిత్రలోకి ఎక్కలేదు.

వారింగ్టన్ లెక్క వచ్చిన సమయం కూడా కలిసొచ్చింది. బ్రిటన్‌లో గాజు మీద పన్ను 1845లో ఎత్తేశారు, గాజు చవకైంది. 1853లో లండన్ జూలో చేపల ప్రదర్శనశాల తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ అనే పుస్తకం రాశాడు. ఇక ఓ మోస్తరు కలిగినవాళ్ల ఇళ్లన్నిటా హాల్లో తొట్టి వెలిసింది. నీళ్లు మార్చకుండా ఎన్ని నెలలు నడిపితే అంత గొప్ప. ఆ వేడి పదేళ్లు కూడా నిలవలేదు. పదింట తొమ్మిది తొట్లు మూలపడ్డాయని 1868లో జె.జి. వుడ్ రాశాడు.

లోపం మొక్కల్లోనూ లేదు, నత్తల్లోనూ లేదు. చేప తన మొప్పల ద్వారా నిరంతరం అమోనియాను వదులుతుంది. తినగా మిగిలిన మేత, రెట్ట కుళ్లినా అదే పుడుతుంది. దానికి రంగు లేదు, నీళ్లు అద్దంలా మెరుస్తున్నా చేప మొప్పలు కాలిపోతూ ఉండవచ్చు. వారింగ్టన్ లెక్కలో ఆక్సిజన్ ఉంది, కార్బన్ డయాక్సైడ్ ఉంది, కుళ్లిన ఆకు ఉంది, అమోనియా మాత్రం లేదు. అయినా ఆయన చేపలు బతికాయంటే కారణం పెద్ద పాత్ర, చిన్న చేపలు, ఏపుగా ఎదిగిన మొక్కలు. అన్నిటికంటే ముఖ్యం, అడుగున పరిచిన ఆ బురద. అందులో ఏముందో ఆయనకు తెలియదు.

దాన్ని కనుక్కున్నవాళ్లలో ఆయన కొడుకే ఉండటం ఈ కథలో విచిత్రం.

కొడుకు పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. తండ్రి గోల్డ్‌ఫిష్‌లు వదిలేనాటికి పదేళ్ల పిల్లవాడు. పెద్దయ్యాక వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడై 1876లో రోథామ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రంలో చేరాడు. మరుసటి ఏడాది పారిస్‌ నుంచి ఒక వార్త వచ్చింది. ష్లోసింగ్, మ్యూంజ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి మెల్లగా దిగనిచ్చారు. ఇరవై రోజుల పాటు అమోనియా అమోనియాగానే బయటికొచ్చింది. ఆ తర్వాత నైట్రేట్ కనిపించసాగింది. గొట్టంలోకి క్లోరోఫామ్ ఆవిరి పంపగానే మార్పు ఆగిపోయింది. క్లోరోఫామ్ తీసేసినా మొదలుకాలేదు, మట్టి కడిగిన నీళ్లు కాసిని పోశాక మళ్లీ అందుకుంది. పని చేస్తున్నది ఇసుక కాదు, దాన్ని పట్టుకుని బతికే సూక్ష్మజీవులు.

చిన్న వారింగ్టన్ తోటమట్టితో ఇదే పరీక్ష చేసి నిజమేనని తేల్చాడు. వెలుతురు పడితే ఆ జీవుల పని మందగిస్తుందనీ, మార్పు రెండు మెట్లలో జరుగుతుందనీ చూపాడు. అమోనియా ముందు నైట్రైట్ అవుతుంది, తర్వాత నైట్రేట్. ఒక్కో మెట్టుకు ఒక్కో జీవి. వాటిని విడదీసి పెంచడం మాత్రం ఆయనకు చేతకాలేదు. ఆ ఘనత 1890లో జ్యూరిచ్‌లో పనిచేస్తున్న రష్యన్ సెర్గీ వినోగ్రాడ్‌స్కీకి దక్కింది. ఏళ్ల తరబడి తోటమట్టి సీసాలతో కుస్తీ పట్టిన చిన్న వారింగ్టన్‌కు ఇక్కడ కాస్త అన్యాయం జరిగినట్టే.

ఈ లోపు ఇంకో లండన్ మనిషి, ఎందుకో తెలియకుండానే సరైన పని చేసేశాడు. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ అక్వేరియం సరుకుల వ్యాపారి. 1871లో క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర కట్టిన పెద్ద అక్వేరియంలో, ప్రదర్శన తొట్ల కన్నా ఎన్నో రెట్లు పెద్దదైన తొట్టిని చీకట్లో కట్టించి, నీటిని రాత్రింబవళ్లు తిప్పించాడు. పాచి పెరగకూడదనీ గాలి కలవాలనీ ఆయన ఉద్దేశం. ఆ చీకటి గోడలే సూక్ష్మజీవులకు ఇల్లు అయి ఉండాలి.

ఇప్పటి ఇళ్లలో ఈ చరిత్రంతా తిరగబడుతుంది. ఆదివారం పూట తొట్టి ఖాళీ చేసి, రాళ్లు సబ్బుతో తోమి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పిండి, పంపు నీళ్లు నింపుతారు. మునిసిపల్ నీళ్లలోని క్లోరిన్ మిగిలిన కాసిని సూక్ష్మజీవులనూ చంపుతుంది. తొట్టి తళతళలాడుతుంది, నాలుగో రోజుకు చేప తేలుతుంది. దుకాణం వాళ్లు ‘నీళ్లు పడలేదు’ అంటారు, కొత్త చేప అమ్ముతారు. చేయాల్సింది ఇంతకంటే తేలిక. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తీసి, ఆ తీసిన నీళ్లలోనే స్పాంజిని కాస్త జాడించాలి. కొత్త నీళ్లలో హైపో అనే రసాయనం కలిపితే క్లోరిన్ విరుగుతుంది. కొత్త తొట్టిలో ఒకేసారి డజను చేపలు వేయకూడదు. ష్లోసింగ్ గొట్టం ఇరవై రోజులు తీసుకుంది, ఇంటి తొట్టి నెలో నెలన్నరో తీసుకుంటుంది. పాత తొట్టి స్పాంజి ముక్క కలిపితే గడువు తగ్గుతుంది. గుండ్రటి గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్ పెట్టడం మాత్రం ఎంత కడిగినా తప్పే, అది ఇరవై ఏళ్లు బతకగల చేప. ఫైటర్ చేప పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి కొన్నాళ్లు నెట్టుకొస్తుంది గానీ అమోనియా దాన్నీ వదలదు.

భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల రైతులకు ఇదంతా ఒకరు చెప్పాల్సిన పని లేదు. మధ్యాహ్నం ఎండకు చెరువు పీహెచ్ పెరిగితే అదే అమోనియా ఎక్కువ విషమవుతుందని వాళ్లు లాబ్ రిపోర్టు చేతిలో పట్టుకుని మాట్లాడతారు. నైట్రైట్ పెరిగితే చేప రక్తం గోధుమరంగుకు తిరిగి, నీటిలో ఆక్సిజన్ ఉన్నా అందదు. అందుకే చెరువులో ఉప్పు చల్లుతారు, అందులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను అడ్డుకుంటుంది.

చిన్న వారింగ్టన్ చెప్పిన రెండు మెట్ల లెక్క నూటపాతికేళ్లు నిలిచింది. 2011లో మంచినీటి అక్వేరియం ఫిల్టర్లను పరిశీలిస్తే, చాలావాటిలో మొదటి మెట్టు ఎక్కుతున్నవి బ్యాక్టీరియా కాదనీ ఆర్కియా అనే వేరే తెగ జీవులనీ తేలింది. 2015లో రెండు మెట్లూ ఒంటిచేత్తో ఎక్కేసే నైట్రోస్పైరా బ్యాక్టీరియా బయటపడింది. నెదర్లాండ్స్ పరిశోధకులకు అది దొరికింది చేపలు పెంచే తొట్టి ఫిల్టర్‌లోనే.