వాగు ఒడ్డున బొక్క దొరికితే

మేడ్చల్, శామీర్‌పేట వైపు గట్టి వానలు పడ్డాక వాగుల ఒడ్లు కోసుకుపోయి అప్పుడప్పుడు పాత ఎముకలు బయటపడుతుంటాయి. "మేడం, ఇది దేని బొక్క?" అని పిల్లలు అడుగుతారు.

ఈ ప్రశ్నకు సగం జవాబు మన పెద్దల దగ్గరే ఉంది. పశువులు కాసినవాళ్లు, అడవి తెలిసినవాళ్లు పళ్లు చూసి చెప్పేస్తారు. పై దవడకు ముందు పళ్లు లేకపోతే ఆవు, గేదె, మేక, జింక లాంటి నెమరువేసే జంతువు. పొడవాటి కోరలు, కోసే దంతాలు ఉంటే కుక్క, నక్క జాతి. దవడ పళ్ల మీద గుండ్రటి బొడిపెలుంటే పంది.

మిగతా సగం నేల చెబుతుంది. ఇక్కడిది గ్రానైట్ నేల. భూమి లోపల కరిగిన శిల చల్లారి గట్టిపడిన రాయి అది. అందులో ఎముక నిలవదు. కాబట్టి ఇక్కడి వాగు మట్టిలో దొరికేవి ఎక్కువగా ఈమధ్య కాలపు పశువులవే.

ప్రాణహిత, గోదావరి లోయలో సంగతి వేరు. నదులు, చెరువుల అడుగున మట్టి పొరలు పొరలుగా పేరుకుని అక్కడి రాళ్లు ఏర్పడ్డాయి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970లలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లకు రాయిగా మారిన 840 ఎముకలు దొరికాయి. ఏ జంతువుకైనా కుడి తొడ ఎముక ఒక్కటే ఉంటుంది కదా! ఎన్ని జంతువులో తేల్చడానికి శాస్త్రవేత్తలు ఇలాగే ఒక రకం ఎముకను లెక్కపెడతారు. యామన్‌పల్లిలో తేలింది కనీసం 12. తల దొరకలేదు, రెండు పళ్లు మాత్రం దొరికాయి. మిగతా ఎముకలను తెలిసిన డైనోసార్లతో పోల్చి చూసి, ఇది కొత్త జాతి అని 1988లో పి. యాదగిరి ప్రకటించారు. పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటి, 9 మీటర్ల పొడవైన శాకాహారి. మంద మొత్తం వరదలో మునిగిపోయి ఉండవచ్చని ఒక అంచనా.

ఒక్కటి ఆలోచించండి. ఆ ఎముకలను తలా ఒకటి ఇంటికి పట్టుకుపోయి ఉంటే 12 అనే లెక్క ఉండేదా? మంద, వరద సంగతి ఎవరికైనా తెలిసేదా?

సెలవులకు ఊరెళ్లినప్పుడు వాగులో ఎముక ఆకారంలో బరువైన రాయి కనిపిస్తే కదిలించకండి. పక్కన ఒక స్కేలు పెట్టి ఫోటో తీయండి, చోటు రాసుకోండి. హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే కార్యాలయానికి తెలపండి. కోటాసారస్ అస్థిపంజరాన్ని నగరంలోని బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడవచ్చు. దాని ముందు నిలబడినప్పుడు పేరు పూర్తిగా చదవండి. అందులో ఉన్నది మన ఆదిలాబాద్ పల్లె పేరు.