అరచేతిలో సరస్వతి

1823లో బళ్ళారి కలెక్టరు కాంబెల్, గవర్నరు మన్రో కోరిన విద్యావివరములను పంపుచు, నాటి వీధిబడిని చక్కగా వర్ణించినాడు. అనంతపురము సీమయు అప్పుడా జిల్లాలోనిదే.

ఉదయము 6 గంటలకు బడి. మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి నామము వ్రాసెడివారు, రెండవవానికి సున్న. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు. ఆపై వచ్చినవారి గతి శ్రోతలే ఊహింపగలరు! ఇసుకలో అక్షరములు దిద్దు చిన్నవారికి పెద్ద పిల్లలే గురువులు. ఇంగ్లండు సైతము అనుకరించిన ఈ పద్ధతిని ఆయన మెచ్చినాడు. అర్థమెరుగక పద్యములు వల్లించుటను మాత్రము మెచ్చలేదు.

533 బడులలో 6,641 మంది చదువుచుండగా, బాలికలు 60 మందియే. పెక్కు గ్రామములలో మునుపున్న బడులు మూతపడెనట. కారణమును ఆ దొర దాచలేదు: సీమబట్టలు వచ్చి నేతగాండ్ర జీవనము చెడినది; లేత చేతులు పనికి అందగానే తలిదండ్రులు పిల్లలను కూలికి పంపుచుండిరి.