‘యాంటీ’లో కర్త ఎవరు?

స్త్రీల పక్షాన రాసేవాళ్లకి అడక్కుండానే దొరికే బిరుదు ‘పురుష వ్యతిరేకి’. ‘కుటుంబ వ్యతిరేకి’, ‘సంప్రదాయ వ్యతిరేకి’ దాని వెనకే వస్తాయి. ఇంగ్లీషులో రాసేవాళ్లయితే ముందొక ‘యాంటీ’ తగిలించి ఊరుకుంటారు. ఈ చిన్న ఉపసర్గ మీద మనం పెద్దగా ఆలోచించలేదు. కానీ నూటపాతికేళ్ల స్త్రీల చరిత్రలో అది ఎవరి చేతుల్లో ఎలా పనిచేసిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

గ్రీకు భాషలో దీనికి ‘ఎదురుగా’, ‘బదులుగా’ అనే అర్థాలున్నాయి. ఇంగ్లీషులో ‘అగైనెస్ట్’, ‘కౌంటర్’, ‘అపోజ్డ్’ దీనికి చుట్టాలు. తెలుగులో వ్యతిరేకం, విరుద్ధం, ఎదురు, నిరసన, ప్రతిఘటన, ధిక్కారం అంటూ చాలా మాటలున్నాయి. నిఘంటువు వీటన్నిటినీ ఒకే గాట కట్టేస్తుంది కానీ వీటి మధ్య తేడా ఉంది. ధిక్కరించాలంటే పైన ఒక అధికారం ఉండాలి. ప్రతిఘటించాలంటే ముందు ఒక దెబ్బ పడి ఉండాలి. ‘వ్యతిరేకం’ అనడానికి ఇవేవీ అక్కర్లేదు. పైనున్నవాళ్లు కిందివాళ్లని వ్యతిరేకించొచ్చు, కిందివాళ్లు పైవాళ్లని వ్యతిరేకించొచ్చు. దేనికి ఎదురో చెప్తుంది గాని, ఎదురు నిలిచినవాళ్లెవరో ఆ మాట చెప్పదు.

ఇంగ్లండులో స్త్రీల ఓటు హక్కు కోసం పోరాటం జరుగుతున్న రోజుల్లో ‘యాంటీలు’ అంటే ఆ హక్కుని వద్దన్నవాళ్లు. వాళ్లలో స్త్రీలు తక్కువేమీ కాదు. 1908లో ఏర్పడిన విమెన్స్ నేషనల్ యాంటీ సఫ్రేజ్ లీగ్‌కి ముందు నిలిచింది ప్రసిద్ధ నవలా రచయిత్రి మేరీ వార్డ్. ఆక్స్‌ఫర్డ్‌లో స్త్రీల కోసం 1879లో సోమర్‌విల్ కళాశాల పెట్టడానికి పాటుపడిన వాళ్లలో ఆమె ఒకరు. స్త్రీకి చదువు కావాలి, ఓటు వద్దు అన్నది ఆమె వాదన. 1910లో ఈ లీగ్ పురుషుల లీగ్‌తో కలిసిపోయాక నాయకత్వం ప్రభువుల చేతికి వెళ్లింది. మొదట లార్డ్ క్రోమర్, తర్వాత లార్డ్ కర్జన్. 1905లో బెంగాల్‌ని విడగొట్టిన మన వైస్రాయ్ కర్జనే. స్త్రీలకి ఓటిస్తే ఇండియాలో బ్రిటన్ పరువు తగ్గుతుందన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి. తమాషా ఏమిటంటే, ఆ ఇండియాలోనే మద్రాసు శాసనమండలి 1921లో స్త్రీలకి పురుషులతో సమానమైన షరతుల మీద ఓటిచ్చింది. ఆస్తి అర్హత ఉంది, నిజమే. కానీ ఆ షరతు ఇద్దరికీ ఒకటే. బ్రిటన్‌లో 1918లో ముప్పై ఏళ్లు దాటిన కొందరు స్త్రీలకే ఓటు వచ్చింది. పురుషులతో సమానంగా రావడానికి 1928 దాకా ఆగాల్సివచ్చింది.

అయితే మద్రాసులో ‘యాంటీ’ అంతకుముందే దిగింది, మరో రూపంలో. 1892లో ఏర్పడిన మద్రాసు హిందూ సంఘ సంస్కరణ సమాజం మరుసటి ఏడాది వైస్రాయ్‌కీ గవర్నర్‌కీ ఒక విజ్ఞాపన పంపింది. నాచ్ ప్రదర్శనలకి మీరు వెళ్లకండి అని దాని సారాంశం. ఇద్దరూ ఒప్పుకోలేదు. అయినా ‘యాంటీ నాచ్’ అన్న పేరు నిలబడిపోయింది. మాటవరసకి చూస్తే దానర్థం నాట్య వ్యతిరేకత. కానీ బహిష్కరణ పడింది నాట్యం మీద కాదు, నాట్యం చేసే స్త్రీల మీద. తెలుగునాట ‘వివేకవర్ధని’లో వీరేశలింగం భోగం మేళాల మీద యుద్ధం ప్రకటించారు. ఆ మేళాలు పెట్టించిన జమీందార్లకీ, పెద్దమనుషులకీ కూడా ఆయన చురకలంటించారు. కానీ చివరికి బతుకుతెరువు పోయింది ఎవరికి?

ఈ ప్రశ్నకి సాహిత్యంలో ఒక సాక్ష్యం ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులోని ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనం’ అసభ్యమని వీరేశలింగం తేల్చేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ అసలు ప్రతి సంపాదించి, అంతకుముందు అచ్చులో కోసేసిన భాగాలతో సహా 1910లో ప్రచురింపజేశారు. అంతకంటే పచ్చిగా రాసిన పురుష కవులకి లేని అభ్యంతరం ఈమెకి మాత్రమే ఎందుకని పీఠికలో నిలదీశారు. ఆ మరుసటి ఏడాదే అభ్యంతరాలు మొదలై, పుస్తకం మీద నిషేధం వచ్చింది. అది 1947లో గాని తొలగలేదు. భోగం మేళాల వ్యతిరేకతగా మొదలైనది ఒక స్త్రీ రాసిన కావ్యాన్ని మరో స్త్రీ అచ్చువేయకుండా ఆపేదాకా వచ్చింది.

ఇక్కడ మనకి ఇబ్బంది కలిగించే విషయం ఇంకొకటి ఉంది. దేవదాసీ పద్ధతి రద్దు కోసం మద్రాసు శాసనమండలిలో పోరాడింది పురుషుడు కాదు, అక్కడ అడుగుపెట్టిన మొదటి స్త్రీ డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి. చిన్నపిల్లల్ని గుళ్లకి అర్పించడాన్ని ఆమె అన్యాయంగా చూశారు. ఆ చూపు తప్పని ఎలా అంటాం? మరోవైపు దేవదాసీలు సంఘంగా ఏర్పడి, మా వృత్తినీ హక్కుల్నీ మమ్మల్ని అడక్కుండా తీసెయ్యొద్దని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. వారిలో నాగరత్నమ్మ ఉన్నారు. ఆ మొర మాత్రం తప్పని ఎలా అంటాం? రెండు వైపులా స్త్రీలే. కానీ చరిత్ర పుస్తకాల్లో ఒక వైపు ‘సంస్కరణ’ అయింది, రెండో వైపు ‘సంస్కరణ వ్యతిరేకత’ అయింది. ఆ పేరు పెట్టినప్పుడే తీర్పు కూడా అయిపోయింది. 1947 చట్టం పేరులో దేవదాసీలున్నారు, దాని రచనలో లేరు.

తెలుగు వ్యాకరణంలో ఒక విశేషం ఉంది. మన వ్యతిరేక క్రియ కర్తని దాచుకోదు. ‘రాను’ అంటే నేను, ‘రాము’ అంటే మేము. ఎవరు కాదంటున్నారో క్రియలోనే ఉంటుంది. అయితే ప్రథమ పురుషకి వచ్చేసరికి ‘అతను రాడు’ గాని, ‘ఆమె రాదు’, ‘అది రాదు’. మనుషుల్లో ఆడవాళ్లని ఏకవచనంలో పశువులతో, వస్తువులతో కలిపేసిన భాష ఇది. చిన్నయసూరి దానికి ‘అమహత్తు’ అని పేరు కూడా చెప్పాడు. ఒక స్త్రీ గురించి ఇతరులు చెప్పినప్పుడు ఆమె కాదనడం వస్తువు కాదనడంతో కలిసిపోతుంది. ఆమే స్వయంగా ‘రాను’, ‘ఒప్పుకోను’ అన్నప్పుడు కలవదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మాట్లాడింది ఈ ఉత్తమ పురుషలోనే. అక్షరాస్యతా తరగతుల్లో చదివిన ‘సీతమ్మ కథ’లో తమ బతుకు కనిపించి, ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లాలు దాటింది. ఇంగ్లీషు పత్రికలు ‘యాంటీ యారక్’ అన్నాయి, తెలుగు పత్రికలు ‘సారా వ్యతిరేకోద్యమం’ అన్నాయి. ఈసారి ఆ మాట పైనుంచి కిందికి కాదు, కిందినుంచి పైకి వెళ్లింది. ఎదురుగా ఉన్నది తాగే మొగుడే కాదు, సారా వేలంపాటల మీద ఖజానా నింపుకునే ప్రభుత్వం. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది.

ఆ తర్వాత మాట మారింది. వ్యతిరేకం ‘నిషేధం’ అయింది. 1994 డిసెంబరులో ప్రమాణస్వీకారం నాడు ముఖ్యమంత్రి పెట్టిన సంతకం అందరికీ గుర్తుండిపోయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. వ్యతిరేకానికి కర్త స్త్రీలయితే, నిషేధానికి కర్త ప్రభుత్వం. ఇచ్చినవాళ్లే వెనక్కి తీసుకోగలిగారు.

పరిశోధన చేసే మనకి ఇందులో చెయ్యాల్సిన పని ఉంది. ఏ ఉద్యమం పేరులోనైనా ‘వ్యతిరేక’ కనిపిస్తే, దేనికి వ్యతిరేకం అని ఆగిపోకూడదు. ఎవరు అన్నారు, ఎవరి బతుకు మీద పడింది, ఏ రోజున అది నిషేధంగా మారి ఎవరి సంతకం కింద చేరింది అని అడగాలి. తమని అడగలేదని మొరపెట్టుకున్న దేవదాసీల మాటల్ని ‘వ్యతిరేకత’ అన్న శీర్షిక కింద మూసెయ్యకుండా, వాళ్ల ఉత్తమ పురుషలోనే చదవాలి. మనల్ని ‘పురుష వ్యతిరేకులు’ అనేవాళ్లకి చెప్పే జవాబు కూడా అక్కడినుంచే మొదలవుతుంది. మేం దేనిని ఒప్పుకోమో మేమే చెప్తాం.