చినతాతగారి రాజీనామా కాగితం

“ఉన్న గవర్నమెంటు ఉద్యోగం వదిలి ఇంకో గవర్నమెంటు ఉద్యోగానికి పోవడమేమిటి?” అన్న మాట మా ఇంట్లో 1961లో పుట్టింది. ఇప్పటికీ పెళ్లిళ్లకి పేరంటాలకి నలుగురం కలిస్తే ఎవరో ఒకరు దాన్ని పైకి తీస్తారు. ఆ కథ మా చినతాతగారిది, అంటే తాతగారి తమ్ముడిది. పిల్లలకి సగం సగం తెలుసు కాబట్టి పూర్తిగా రాసిపెడుతున్నాను.

ముందు ఊరి సంగతి చెప్పాలి. మా బరంపురం ఉన్న గంజాం జిల్లా ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు బరంపురం, ఛత్రపురం అటు వెళ్లాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసులోనే మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. ముత్తాతగారు అప్పుడు ఛత్రపురంలో గుమాస్తా. ఇల్లు అదే, ఆఫీసు అదే, పైన ప్రభుత్వం మాత్రం వేరు. రాతకోతలు ఇంగ్లీషులోనే నడుస్తుండేవి కనుక ఆయన రోజులు అలా వెళ్లిపోయాయి.

చిక్కు ఆయన కొడుకుల కాలానికి వచ్చింది. 1954లో ఒరిస్సా అధికార భాషా చట్టం వచ్చింది. ఆఫీసు కాగితాలు ఒక్కరోజులో మారిపోలేదు గానీ, ఒడియాలో నోటు రాయలేని గుమాస్తాకి ముందుముందు ప్రమోషన్ కష్టమని అందరికీ అర్థమైంది. తాతగారు ఇంట్లో లాంతరు పెట్టుకుని అక్షరాలు దిద్దారు, నేర్చుకున్నారు, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. చివరికి ఆయన ఒడియా దస్తూరీ తెలుగు దస్తూరీ కన్నా బాగుండేది! చినతాతగారికి అంత ఓపిక లేదు. ఆయన 1955లో పంతొమ్మిదో ఏట గుమాస్తాగా చేరారు. అప్పటినుంచీ ఆయన చూపంతా రైలు పట్టాల మీదే.

ఆయన ఒక్కరే కాదు. మా వైపు చదువుకున్న కుర్రాళ్లకి సెంట్రల్ ఉద్యోగం అంటే తపాలా, రైల్వే. అక్కడ ఇంగ్లీషు వస్తే చాలు. పైగా ఖుర్దారోడ్డు, వాల్తేరు, ఖరగ్‌పూర్ ఎక్కడికి బదిలీ చేసినా రైల్వే కాలనీలో తెలుగు వినిపిస్తుంది. సౌత్ ఈస్టర్న్ రైల్వే 1955 ఆగస్టు 1న విడిగా ఏర్పడింది. అంతవరకు రైల్వేలో ప్రావిడెంట్ ఫండే తప్ప పెన్షన్ ఉండేది కాదు. 1957లో పెన్షన్ పథకం కూడా పెట్టారు. దాంతో “గుమాస్తా పని వదిలితే పెన్షన్ పోతుంది” అన్న పెద్దల వాదన బలం తగ్గింది.

అయితే ఉద్యోగంలో ఉన్నవాడు ఇంకో ఉద్యోగానికి నేరుగా దరఖాస్తు పెట్టకూడదు. ‘త్రూ ప్రాపర్ ఛానల్’ వెళ్లాలి. అంటే మన దరఖాస్తు మన ఆఫీసరు చేతికిచ్చి, ఆయన అభ్యంతరం లేదని రాసి పైకి పంపాలి. ఇక్కడే అందరూ ఇరుక్కుపోయేవారు. ఆఫీసులో మనుషులు తక్కువైతే ఆ కాగితం బల్ల మీదే పడుంటుంది, చివరి తేదీ దాటిపోతుంది. అందుకని తెలిసినవాళ్లు ఒక అడ్వాన్స్ కాపీ ముందుగా అటు పోస్టు చేసేవారు. చినతాతగారూ అదే చేశారు. రాతపరీక్ష అయింది, సెలక్షన్ కూడా వచ్చింది. ఆఫీసులో ఇచ్చిన దరఖాస్తు మాత్రం కదల్లేదు. మూడుసార్లు అడిగారు. వయసు 25 నిండింది, ఇంకోసారి రాసే వీలు లేదు. చేరాల్సిన గడువు పది రోజులు.

అప్పుడు తాతగారు అన్నారట: “ఒరే, ఏదో ఒకటి రాసిపడేసి బండెక్కరా. తర్వాత చూసుకుందాం.”

చినతాతగారు రెండు వాక్యాలు రాశారు. సొంత కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నానని, దయచేసి ఆమోదించమని. అది వెంటనే ఆమోదమైంది. అనుమతి ఇవ్వడానికి తీరికలేని ఆఫీసు రాజీనామా పుచ్చుకోవడానికి ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు.

సివిల్ సర్వీస్ రెగ్యులేషన్స్‌లో 418వ ఆర్టికల్ అని ఒకటుండేది. రాజీనామా చేస్తే అంతకుముందు చేసిన సర్వీసంతా పోతుంది. తగిన అనుమతితో, సర్వీసు లెక్కకొచ్చే ఇంకో ఉద్యోగంలో చేరడానికి చేస్తే దాన్ని రాజీనామాగా చూడరు, పాత ఏళ్లు నిలుస్తాయి. 1972 పెన్షన్ రూల్సులో 26వ రూలుగా ఇదే మాట మళ్లీ వచ్చింది. అంటే ‘సొంత కారణాలు’ అని రాసిన చోట ‘మీ అనుమతితో ఫలానా ఉద్యోగంలో చేరడానికి’ అని ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ ఆ అనుమతే రాలేదు కదా! ఆయన తప్పు ఎంత, ఆఫీసు తప్పు ఎంత అని మా ఇంట్లో నేటికీ తెగదు. నా మటుకు నాకు ఆ కాగితం తొక్కిపెట్టినవాళ్లదే ఎక్కువ అనిపిస్తుంది.

పాతికేళ్లు ఎవరూ దీని గురించి ఆలోచించలేదు. చినతాతగారికి చూపు తగ్గి 1986లో, 58 నిండకుండానే, మెడికల్ మీద ఇంటికొచ్చేశారు. అప్పట్లో పూర్తి పెన్షన్‌కి 33 ఏళ్ల సర్వీసు కావాలి. ఆయన లెక్క 25 దగ్గర ఆగింది. గుమాస్తాగిరీ ఆరేళ్లూ కలిస్తే 31. అర్జీలు పెట్టారు, తిరిగారు. రాజీనామా కాగితం నకలు తెమ్మన్నారు. తెస్తే అందులో ఆ రెండు వాక్యాలే ఉన్నాయి.

మామ్మ మాత్రం ఊరుకునేది కాదు. “ఏటి రాసేరో చూసుకోకుండా సంతకం ఎట్టేసేరు” అని మరిదిని దెప్పేది. ఆ మాట వచ్చిన ప్రతిసారీ తాతగారు చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవారు. ఆయన ఎందుకు వెళ్లేవారో మాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

పోయిన ఏడాది చినతాతగారి మనవరాలు భువనేశ్వర్‌లో ఒక సెంట్రల్ ఆఫీసులో చేరింది. అంతకుముందే రాసిన ఇంకో పరీక్ష ఫలితం తర్వాత వచ్చింది. ఇప్పుడు దీన్ని టెక్నికల్ రిజిగ్నేషన్ అంటున్నారు. 2016 ఆగస్టులో కేంద్రం ఈ నిబంధనలన్నీ ఒకచోట చేర్చి ఉత్తర్వు ఇచ్చింది. పర్మనెంటు అయినవాళ్లకి పాత పోస్టు మీద లీన్ మామూలుగా రెండేళ్లు ఉంటుంది. చేరకముందే దరఖాస్తు పెట్టినవాళ్లు చేరగానే ఆ సంగతి ఆఫీసుకి తెలపాలి, రాజీనామాలో కూడా ఆ ఉద్యోగం కోసమే వెళ్తున్నానని స్పష్టంగా రాయాలి.

పిల్ల చేరిన మొదటి రోజే ఆ ఉత్తరం ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకుంది. రాజీనామా చిత్తుప్రతి నాకు ఫోన్‌లో పంపి, “పెదనాన్నా, ఒకసారి చూడండి” అంది. నేను చూశాను, వాళ్ల నాన్న చూశాడు, చినతాతగారి నకలు పక్కన పెట్టుకుని మళ్లీ చూశాం. నాలుగుసార్లు దిద్దించాక విసుక్కుని, ఐదోసారి మాకు చెప్పకుండానే ఇచ్చేసింది.