సౌర పలకకూ కర్బన లెక్క ఉంది.. బొగ్గుతో పోలిస్తే ఎంత?

డోర్నకల్: బొగ్గు కారణంగా జంక్షన్‌గా మారిన పట్టణం డోర్నకల్. ఇల్లెందు ప్రాంతంలో 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించగా, 1889లో తవ్వకాలు ఆరంభమయ్యాయి. ఆ బొగ్గు తరలింపునకే నిజాం రైల్వే ఇక్కడి నుంచి శాఖామార్గం వేసింది. నాటి వరంగల్ జిల్లాలోని ఈ పట్టణం 2016 నుంచి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. బొగ్గుకు పుట్టినిల్లయిన ఇల్లెందులోనే ఇప్పుడు సింగరేణి సంస్థ 39 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది.

సౌర పలకల తయారీకీ బొగ్గు కాల్చక తప్పదని, ఇక ఒరిగేదేమిటని కొందరు వాదిస్తారు. ఇందులో సగం నిజముంది. పలుగురాతి (క్వార్ట్జ్) నుంచి సిలికాన్ తీసి శుద్ధి చేయడానికి కొలిమి వేడి, భారీగా విద్యుత్తు కావాలి. ప్రపంచానికి అవసరమైన శుద్ధ సిలికాన్‌లో అత్యధిక భాగం చైనాలో, ఎక్కువగా బొగ్గు విద్యుత్తుతోనే తయారవుతోంది.

మిగతా సగం లెక్క వేస్తే తెలుస్తుంది. గని తవ్వకం, తయారీ, రవాణా, వినియోగం, చివరకు తొలగింపు వరకు కలిపితే యూనిట్ విద్యుత్తుకు బొగ్గు నుంచి 820, సహజవాయువు నుంచి 490, ఇంటి కప్పుపై సౌర పలకల నుంచి 41, జల విద్యుత్తు నుంచి 24, గాలిమరల నుంచి 11 గ్రాముల కర్బన ఉద్గారాలు వెలువడతాయని 2014లో వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) మధ్యస్థ అంచనాలు ప్రకటించింది. మన బొగ్గులో బూడిద ఎక్కువ. దేశీయ కేంద్రాల్లో పొగగొట్టం వద్దే యూనిట్‌కు కిలోకు కొంచెం తక్కువగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. గూడ్సు రైలు వాటా ఇందులో స్వల్పమే.

పదిహేను నెలల్లో బాకీ తీరుతుంది

కిలోవాట్ సామర్థ్యమున్న పలకలు దుమ్ము, అరుగుదల పోను 25 ఏళ్లలో 30 వేల యూనిట్లు ఇస్తాయనుకుందాం. ఐపీసీసీ అంచనా ప్రకారం వాటి మొత్తం ఉద్గారాలు 1.23 టన్నులు. అంతే విద్యుత్తు బొగ్గుతో తీస్తే 24.6 టన్నులు. అంటే పలకల తయారీ పాపం దాదాపు పదిహేను నెలల్లో తీరిపోతుంది. బొగ్గు కేంద్రానికి ఆ వెసులుబాటు లేదు, నడిచినన్నాళ్లూ పొగ వదలాల్సిందే. పాల్వంచ కేటీపీఎస్‌లో 720 మెగావాట్ల పాత యూనిట్లు 2020 నాటికి మూతపడ్డాయి. 2018లో వచ్చిన 800 మెగావాట్ల ఏడో దశ సూపర్ క్రిటికల్ పరిజ్ఞానంతో యూనిట్‌కు తక్కువ బొగ్గు వాడుతుంది. అయినా ఆ తగ్గుదల సౌర విద్యుత్తు దరిదాపులకు రాదు.

సూర్యాస్తమయం తర్వాత మాత్రం సౌర విద్యుత్తు అందదు. బ్యాటరీలు పెడితే వాటి తయారీ ఉద్గారాలూ జమ చేయాలి. పగటిపూట నడిచే వ్యవసాయ మోటార్లకు ఆ బెడద లేదు. జలాశయాల్లో మునిగిన చెట్టూచేమా కుళ్లి మీథేన్ వెలువడటం వల్ల జల విద్యుత్తు లెక్క ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో రకంగా ఉంటుంది.

కాలం చెల్లిన పలకలను 2022 ఈ-వ్యర్థాల నిబంధనల పరిధిలోకి తెచ్చారు. 2034-35 వరకు పోగయ్యే వాటిని ఉత్పత్తిదారులే భద్రపరచాలి.